శరణం అంటే ఇల్లు



ఊరు వదిలి పట్నం వచ్చిన మనవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఒక గేటు ముందు నిలబడి ఉంటారు. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతుంటుంది. ఇంటాయన గదులు చూపిస్తాడు, కుళాయి తిప్పి నీళ్లు చూపిస్తాడు, అద్దె చెప్తాడు, అడ్వాన్సు చెప్తాడు. అంతా కుదిరిందనుకునే వేళకి "ఇంతకీ మీరేమిట్లు?" అంటాడు. తెలంగాణలో అయితే "మీరు ఏమోళ్లు?" అంటారు. కొందరు మర్యాదస్తులు సూటిగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో మీ ఇల్లు ఏ వైపని అడుగుతారు, నీచు వండుతారా అని అడుగుతారు. ప్రశ్న ఏదైనా వాళ్లకు కావలసిన జవాబు ఒక్కటే.

నిజం చెప్తే ఇల్లు పోతుంది. దాస్తే ఇల్లు దొరుకుతుంది. కానీ ఆ దొరికిన ఇంట్లో మీరు ఎలా ఉంటారు? ఊరినుంచి అమ్మ వస్తే ఆమె మాట పక్కింటికి వినపడకుండా తలుపు వేస్తారు. బాబాసాహెబ్ ఫోటోను ముందు గదిలో పెట్టాలా, బీరువాలో పెట్టాలా అని ఆలోచిస్తారు. పిల్లలకు "స్కూల్లో ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి" అని నేర్పుతారు. నెలనెలా అద్దె కడుతున్నా అది మీ ఇల్లు కాదు. గోడల మధ్య ఉన్నారు గానీ ఇంట్లో లేరు.

మరి మన ఇల్లెక్కడ? మనల్ని మనం ప్రేమించుకోవడం అంటే ఏమిటి? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు కావు. రెంటికీ ధమ్మం చెప్పే జవాబు ఏమిటో చూద్దాం.

బరోడా సత్రంలో పేరు

ముందుగా బాబాసాహెబ్ జీవితంలోకి వెళదాం. 1917లో ఆయన బరోడా వెళ్లారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన మనిషి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో చదివారు కాబట్టి ఆ సంస్థానంలోనే ఉద్యోగం చేయాలి. ఉద్యోగం ఉంది, ఉండడానికి చోటు లేదు. చివరికి ఒక పారసీ సత్రంలో చేరారు. అది పారసీలకు మాత్రమే. అందుకని రిజిస్టరులో ఒక పారసీ పేరు రాయించుకోవలసి వచ్చింది.

పై అంతస్తులో ఆయన ఒక్కరే. మాట్లాడే తోడు లేదు, సరైన దీపం లేదు. పుస్తకాలే దిక్కు. పదకొండో రోజు ఉదయం పది పన్నెండు మంది కర్రలు పట్టుకొని మెట్లెక్కి వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. తెలిసిన ఇద్దరిని ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు. నువ్వు వస్తే మా నౌకర్లు వెళ్లిపోతారన్నాడు. ఇంకొకరు క్రైస్తవుడు. భార్య ఊరినుంచి వచ్చాక ఆమెను అడిగి చెప్తానన్నాడు. రాత్రి తొమ్మిదింటి బొంబాయి రైలు దాకా దాదాపు ఐదు గంటలు బరోడాలోని ఒక తోటలో కూర్చుని గడిపారు. ఇదంతా ఆయనే తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు.

పేరు దాచుకుని ఇల్లు తీసుకున్న తమ్ముడూ, చెల్లీ, ఈ మాట వినండి. బాబాసాహెబ్ అంతటివారు కూడా తనది కాని పేరు మీద పదిరోజులు తలదాచుకున్నారు. అందులో సిగ్గుపడవలసింది ఆయన కాదు, మీరూ కాదు. తలుపు వేసినవాళ్లు సిగ్గుపడాలి. అయితే ఆయన ఆ సంగతిని దాచిపెట్టలేదు. తన మాటల్లోనే రాసిపెట్టారు. 1931 ఆగస్టు 14న బొంబాయి మణిభవన్‌లో గాంధీజీని కలిసినప్పుడు, తనకు స్వదేశమంటూ లేదని ముఖం మీదే చెప్పారు. అలా చెప్పిన మనిషే తర్వాత ఈ దేశానికి రాజ్యాంగం రాసి, 17వ అధికరణలో అంటరానితనాన్ని రద్దు చేయించారు. ఇల్లు లేదని ఏడుస్తూ కూర్చోలేదు, ఇల్లు కట్టారు.

తక్కువ అనుకోవడం కూడా మానమే

తలుపు మూసుకుపోవడం బయటి గాయం. దానికి చట్టం ఉంది, పోరాటం ఉంది. ఇంకొక గాయం లోపల తగులుతుంది. "వాళ్లన్నదాంట్లో నిజముందేమో, నేను నిజంగానే తక్కువేమో" అన్న అనుమానం అది. ఒకసారి లోపలికి వచ్చిందంటే ఇక ఇంటాయన అడగనక్కర్లేదు, మనల్ని మనమే రోజూ గేటు దగ్గర నిలబెట్టి అడుగుతుంటాం. చదువుకున్నవాళ్లలో, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో కూడా ఇది ఉంటుంది. మీటింగులో నోరు విప్పబోయి ఆగిపోతారు. ఎవరైనా మెచ్చుకుంటే నమ్మరు.

ధమ్మంలో దీనికి ఒక పేరుంది. మానం. మానమంటే గర్వమని మామూలుగా అనుకుంటాం. బుద్ధుడు మూడు విధాల మానం చెప్పాడు. నేను ఇతరులకంటే ఎక్కువ అనుకోవడం ఒకటి, సమానం అని కొలుచుకోవడం ఒకటి, తక్కువ అనుకోవడం ఒకటి. మూడోదాన్ని హీనమానం అంటారు. చూడండి, నేను తక్కువవాణ్ణి అనుకోవడాన్ని తథాగతుడు వినయం అనలేదు. అదీ ఒక సంకెలే అన్నాడు. ఎందుకంటే మూడింటిలోనూ ఒకే తక్కెడ ఉంది. ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన పెట్టి మనల్ని మనం తూచుకుంటూ ఉంటాం. కులం మనకిచ్చిన తక్కెడ అదే. దాన్ని పారెయ్యకుండా ఎటు మొగ్గినా మనకు విడుదల లేదు.

మల్లిక ఇచ్చిన జవాబు

కోసల రాజు పసేనది భార్య మల్లికాదేవి. రాజవంశంలో పుట్టలేదు, పూలదండలు కట్టేవారి బిడ్డ. ఒకరోజు మేడ మీద ఇద్దరూ ఉండగా రాజు అడిగాడు, నీకు నీకంటే ప్రియమైనవారు ఎవరైనా ఉన్నారా అని. మీరే ప్రభూ అంటుందని ఆయన ఆశ. అలా అంటే రాజు మురిసిపోయేవాడు. మల్లిక అలా అనలేదు. నాకు నాకంటే ప్రియమైనవారు ఎవరూ లేరంది. మరి మీకో అని తిరిగి అడిగింది. రాజు ఆలోచించుకుని, నాకూ అంతే అని ఒప్పుకున్నాడు.

ఈ సంగతి జేతవనానికి వెళ్లి బుద్ధుడికి చెప్పాడు. ఇది స్వార్థమని బుద్ధుడు మందలించలేదు. నలుదిక్కులా వెతికినా ఎవరికైనా తనకంటే ప్రియమైనవారు దొరకరన్నాడు. ప్రతివారికీ ఎవరి ప్రాణం వాళ్లకు అంతే ప్రియం కాబట్టి, తనను తాను ప్రేమించుకునేవాడు ఇంకొకరికి హాని చేయకూడదన్నాడు. ఇదీ ధమ్మంలో స్వీయప్రేమ. మొదటి సగం మల్లిక చెప్పింది, రెండో సగం బుద్ధుడు చెప్పాడు. రెండూ కలిస్తేనే పూర్తి.

కొంతమంది ఉపాసకులు ఇక్కడ ఒక సందేహం అడుగుతారు. "బుద్ధుడు ఆత్మే లేదన్నాడు గదా, మరి తనను తాను ప్రేమించుకోవడమేమిటి?" మంచి ప్రశ్న. మారకుండా శాశ్వతంగా ఉండే ఆత్మ లేదన్నాడు. ఆకలేసే ఈ కడుపును, అవమానం జరిగితే నొచ్చుకునే ఈ మనసును అసహ్యించుకోమని ఎక్కడా అనలేదు. పైగా అనాత్మ మనకు పెద్ద ఊరట. మారని ఆత్మ లేనప్పుడు పుట్టుకతో అంటుకుని మారకుండా ఉండే కులం ఎక్కడిది? మలినం ఎక్కడిది?

అందుకే మెత్తా భావన, అంటే మైత్రీ ధ్యానం, మొదట తన దగ్గరే మొదలవుతుంది. క్రీస్తు శకం ఐదో శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో ఆచార్య బుద్ధఘోషుడు రాసిన 'విసుద్ధిమగ్గ'లో ఈ క్రమం వివరంగా ఉంది. ముందు నాకు సుఖం కావాలి, దుఃఖం వద్దు అని తనను తాను సాక్షిగా పెట్టుకోవాలి. ఆ సాక్ష్యంతోనే తర్వాత గౌరవించదగ్గ గురువుకు, ఆప్తులకు, ఏ సంబంధమూ లేనివారికి, చివరికి శత్రువుకు మైత్రి పంచాలి. నాకు నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలియకపోతే ఎదుటివారి నొప్పి నాకెలా తెలుస్తుంది? తనను తాను ద్వేషించుకునేవాడు ఎదుటివారికి ఇచ్చేది భయమో, భక్తో అవుతుంది గానీ మైత్రి కాదు.

శరణు కోరడం వేరు, శరణంలో ఉండడం వేరు

తెలుగులో శరణు అనగానే మనకు చేతులు జోడించి కాళ్లమీద పడడం గుర్తొస్తుంది. ఓడిపోయినవాడు శరణంటాడు. తరతరాలుగా వంగి నిలబడ్డవాళ్లం గనుక ఆ మాట మనకు కాస్త గుచ్చుకుంటుంది కూడా. కానీ పాత సంస్కృత నిఘంటువు అమరకోశం తిరగేయండి. శరణం అన్న మాటకు అక్కడ రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇల్లు, రెండోది రక్షించేవాడు.

కాబట్టి మీరు విహారంలో కూర్చుని త్రిశరణాలు పలికినప్పుడు ఎవరి కాళ్లమీదా పడడం లేదు. ఇంటికి వెళ్తున్నానని మూడుసార్లు చెప్తున్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ముందుగా తాను ఆ శరణాలు తీసుకుని, తర్వాత లక్షలమందికి వాటితోపాటు 22 ప్రతిజ్ఞలు ఇచ్చినప్పుడు జరిగింది అదే. బరోడా తోటలో రైలు కోసం కూర్చున్న మనిషి దాదాపు నలభై ఏళ్లకు, తన జనాన్నంతా వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు.

ఆ ఇంటికి ఒక గది లోపల ఉంది. మహాపరినిర్వాణానికి ముందు, వేసాలి దగ్గర బేలువ గ్రామంలో జబ్బుపడి కోలుకున్న తర్వాత, తథాగతుడు ఆనందుడికి చెప్పాడు, మీకు మీరే దీపంగా, మీకు మీరే శరణంగా ఉండండని. పాళీలో దీపమంటే వెలుగు మాత్రమే కాదు, నీటి మధ్య మునగని నేల కూడా. గోదావరి లంకల్లో ఉండేవారికి ఇది వివరించనక్కర్లేదు. వరద వచ్చినప్పుడు మెరక ఎక్కడుందో తెలిసినవాడు బతుకుతాడు. ఆ మెరక మీద ఎలా నిలబడాలో కూడా బుద్ధుడు అప్పుడే చెప్పాడు. శరీరాన్ని, వేదనను, మనసును, మనసులో కదిలే ధర్మాలను ఎరుకతో చూడాలి. "మీరేమిట్లు?" అన్న మాట పడినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోంది, గొంతు ఎక్కడ పట్టుకుంది, మనసు ఏ అబద్ధానికి పరుగెడుతోంది, అన్నీ చూడండి. చూస్తున్న మీరు అవమానం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటారు.

ఒక్క హెచ్చరిక. "ఇల్లు నీలోనే ఉంది, బయట ఏమైతే నీకేం" అని ఎవరైనా ప్రవచనం చెప్తే నమ్మకండి. ధ్యానం అవమానానికి నొప్పిమాత్ర కాదు. రెండో గది బయట, మనుషుల మధ్య ఉంది. దాని పేరు సంఘం.

సంఘం ఎలా ఇల్లయింది

శాక్య రాజకుమారులు భిక్షువులు కావడానికి వెళ్తూ తమ మంగలి ఉపాలిని వెంట తీసుకెళ్లారు. మాకు శాక్యులమన్న గర్వం ఎక్కువ, ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, మేము ఇతనికి మొక్కుతాం, మా గర్వం అణుగుతుంది అని వాళ్లే బుద్ధుణ్ణి అడిగారు. అలాగే జరిగింది. నిన్నటిదాకా వాళ్ల గడ్డాలు గీసిన ఉపాలి వాళ్లకు పెద్దవాడయ్యాడు. బుద్ధుడి తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయమంతా చెప్పింది ఈ ఉపాలే. సంఘపు ఇంటి నియమాలు మంగలి నోటినుంచి వచ్చాయి.

ఇంకొక సంఘటన. ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు, ఆనందుడు అటు వచ్చారు. బుద్ధుడు నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తల వైపు బుద్ధుడు, కాళ్ల వైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందరినీ పిలిచి, మిమ్మల్ని చూసుకోవడానికి ఇక్కడ తల్లీ తండ్రీ లేరు గదా, మీలో మీరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయండన్నాడు. ఇల్లంటే ఇదీ. కింద పడితే లేపే చేతులున్న చోటు.

ఇప్పుడు మన విహారాల సంగతి నిజాయితీగా మాట్లాడుకుందాం. పంచశీల చదువుతాం, పక్కపక్కనే కూర్చుంటాం. బయటికి వచ్చి టీ తాగేటప్పుడు కొత్తగా వచ్చిన అబ్బాయి గురించి "మనోడేనా? మాలలా, మాదిగలా?" అని గుసగుసగా అడుగుతాం. సంబంధాల దగ్గరికొస్తే ఇంకా గట్టిగా అడుగుతాం. గేటు దగ్గర ఇంటాయన అడిగిన ప్రశ్నకూ దీనికీ తేడా ఏమిటి? మహానదులన్నీ సముద్రంలో కలిశాక పాత పేర్లు వదిలేసి సముద్రమే అయినట్టు, సంఘంలోకి వచ్చినవారు పాత కులగోత్రాలు వదిలేస్తారని తథాగతుడు చెప్పాడు. మనకు తెలిసిన నదులతో చెప్పుకుంటే, హంసలదీవి దాటాక కృష్ణ నీళ్లివి, అంతర్వేది దాటాక గోదావరి నీళ్లివి అని వేరుచేసి ఎవరు చూపించగలరు?

అంతేకాదు. మనలో ఇప్పుడు ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు. ఆ గేట్లకూ టు-లెట్ బోర్డులున్నాయి. ముస్లిం కుటుంబం వస్తే, భర్త లేని స్త్రీ వస్తే, హిజ్రా వస్తే మనం ఏమంటున్నాం? మల్లిక జవాబులో రెండో సగం ఇక్కడ పరీక్షకు వస్తుంది.

రాయి మీద రాసుకున్న పేరు

ఇది కొత్తగా కనిపెట్టవలసిన ఇల్లు కాదు. మన నేల మీద ఒకప్పుడు ఉన్నదే. అమరావతి మహాచైత్యం దగ్గర ఒక పలక దొరికింది. దానిమీద పూర్ణఘటం చెక్కి ఉంది. పూలతో పొంగిపొర్లే కుండ. 1,700 ఏళ్లకు పైబడిన ఆ పలకను దానం చేసినవాడి వివరాలు దానిమీదే ఉన్నాయి. పేరు విధికుడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. విధికుడి వృత్తి చర్మకారం, అంటే తోలుపని. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, అందరితో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తోలుపని చేసే మనిషి తన పేరు దాచలేదు. పని దాచలేదు. అమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టలేదు. ఆలుబిడ్డలందరి సాక్షిగా, వచ్చేపోయేవాళ్లందరూ చూసే చైత్యం దగ్గర, రాయి మీద చెక్కించాడు. బరోడా సత్రం రిజిస్టరులో మనది కాని పేరు రాయించుకోవలసి వచ్చింది. అమరావతిలో మన పేరే రాయి మీద ఉంది. తలదాచుకునే చోటుకూ ఇంటికీ ఉన్న తేడా ఇదే. ఎక్కడ నీ పేరు నీ పేరుగానే రాసుకోగలవో అది నీ ఇల్లు. అమరావతి పూర్ణఘటమే ఈనాడు ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉంది. ప్రభుత్వ కాగితం చేతికొచ్చినప్పుడు చూడండి. పిల్లలకు చూపించండి, ఆ కుండ వెనకున్న విధికుడి కథ చెప్పండి.

ఈ నెలంతా చేయవలసినవి

ఒకటి. రోజూ ఉదయం పది నిమిషాలు మైత్రీ ధ్యానం చేయండి. మీ పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా మొదలుపెట్టండి. "ఫలానా నేను క్షేమంగా ఉండాలి, భయం లేకుండా ఉండాలి" అని మనసులో అనుకోండి. మొదట్లో నోరు తిరగదు, ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఆ ఇబ్బందే హీనమానం. దాన్ని తిట్టకండి, చూస్తూ ఉండండి. తర్వాత ఇంట్లోవాళ్లకు, వీధిలోవాళ్లకు, చివరగా మీకు తలుపు వేసినవాళ్లకు కూడా మైత్రి పంచండి. వాళ్లు చేసింది ఒప్పని కాదు, ఆ ద్వేషం మీ ఇంట్లో కాపురం పెట్టకుండా.

రెండు. కులం అడిగినప్పుడు చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం. పిల్లల భద్రత, చేతిలో ఉన్న డబ్బు, రాత్రికి తలదాచుకునే చోటు, ఇవన్నీ చూసుకోవాలి. ఏ నిర్ణయం తీసుకున్నా మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అవమానం జరిగితే మాత్రం ఒంటరిగా మింగకండి. సంఘంలో చెప్పండి, అవసరమైతే చట్టం తెలిసినవారి దగ్గరకు వెళ్లండి.

మూడు. విహారానికి కొత్తవారు వస్తే "మీరేమిట్లు?" బదులు "భోంచేశారా? ఎక్కడ ఉంటున్నారు? ఇబ్బందేమైనా ఉందా?" అని అడగండి.

నాలుగు. మీ వీధిలో, మీ ఆఫీసులో, మీ హాస్టల్లో ఊరు వదిలి వచ్చి ఒంటరిగా ఉన్నవారు, జ్వరంతో పడి ఉన్నవారు ఒకరైనా ఉంటారు. క్యారేజీ తీసుకుని వెళ్లండి. బుద్ధ పూజ అదే.

మీరు ఎవరికీ తక్కువ కాదు. ఎవరికీ ఎక్కువ కూడా కాదు. తక్కెడ దించండి. ఇంటికి రండి, వస్తూ వస్తూ ఇంకొకరిని వెంటబెట్టుకు రండి.

అందరికీ మంగళం కలుగుగాక. సాధు, సాధు, సాధు.